సమాధానము అను మాట
(కడపలో నొసంగిన స్మారకోపన్యాసము)



ఈ స్మారకనిధిని నెలకొల్పినవారు నాకు వ్రాసిన లేఖలో రెండు నియమములు విధించిరి. ఉపన్యాసము గంటకు మించరాదనునది మొదటిది. ఎవరి జ్ఞాపకార్థమై మనమిచట కూడితిమో ఆ తల్లి పేరును వేదికపై ఉచ్చరింపరాదు, ఆమెను పొగడరాదు అనునది రెండవది. మొదటి నియమమును పాటించుట నావంటి పదవీవిరమణ చేసిన తెలుగు పంతులునకు కష్టము. రెండవదానిని పాటించుట ఆమెను ఎరిగిన ఎవనికైనను కష్టమే. అయినను ఆ నియమము ఆమెదే కాని ఆమె బిడ్డలది కాదని విని తల యొగ్గితిని. కుందూ నది యొడ్డున ఒక రేగడి పల్లెలో, మిషను వారి పాఠశాలలో, ముప్పది యేండ్లకు పైగా అక్షరములు దిద్దించిన ఆమెను ఊరంతయు ‘టీచరమ్మ’ యనియే పిలిచెను గనుక నేనును అట్లే పిలిచెదను. పొగడను. ఆమె చేసినదానిని మాత్రము, సమయము వచ్చినపుడు, చెప్పెదను.

కష్టకాలమందు క్రైస్తవుడు శాంతిని ఎంచుకొనుట యెట్లు అనునది నాకిచ్చిన విషయము. నేను దానిని కొంచెము మార్చి, మన తెలుగు బైబిలులోని ఒక మాటను పట్టుకొని, ఆ మాట ఈ కరువు సీమలో ఎక్కడెక్కడ తిరిగినదో చూపవలెనని సంకల్పించితిని.

1

తెలుగు క్రైస్తవుల యిండ్లలో పుట్టినవారము రెండు మాటలతో పెరిగితిమి. బడిలో శాంతి, గుడిలో సమాధానము. చిన్ననాడు మా పాస్టరుగారు ఆరాధన ముగియునపుడు చేతులెత్తి దేవుని సమాధానమును గూర్చి దీవెన పలికినప్పుడెల్ల, మరునాటి లెక్కల పరీక్షకు సమాధానములు దొరకునని నేను కన్నులు మరింత గట్టిగా మూసికొనెడివాడను. (నవ్వుచున్నారు, మీలో సగము మంది అట్లు చేసినవారే.) ఆ బాలుని పొరపాటులో కొంత నిజమున్నదని నాకు వార్ధక్యమున తోచినది.

శాంతి యను మాటకు ధాతువు ‘శమ్’. అణగుట, చల్లారుట దాని భావము. గాలివాన శమించును, జ్వరము ఉపశమించును, ఆకలి తీరిన బిడ్డ ఊరకుండును. వీనిలో ఒకడు పూనుకొని చేసిన పని కనబడదు. కాలము గడిచినచో వచ్చును, రాకున్న రాదు. సమాధానమన్ననో, ‘ధా’ ధాతువునకు ‘సమ్’ ‘ఆ’ అను ఉపసర్గలు చేరి, చెదరినదానిని చక్కగా ఒకచోట చేర్చి నిలుపుట అను అర్థము నిచ్చుచున్నది. వేదాంతులు శమదమాది షట్కసంపత్తిలో శమమును మొదట, సమాధానమును చివర లెక్కించిరి. అనగా ఆ రెండును ఒకటి కావని వారికిని తెలియును. లోకవ్యవహారమున ప్రశ్నకు చెప్పు బదులు సమాధానము. పోట్లాడుకొనినవారు కూడుట సమాధానపడుట. తమిళమునను కన్నడమునను సైతము క్రైస్తవులు ఈ మాటనే వాడుచుండుటచే, ఇది ఒక్క తెలుగు పండితుని కల్పన కాదని స్పష్టము. 1805లో విశాఖపట్టణమున దిగిన క్రాను, డెస్ గ్రాంజెసు దొరలకు ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుడు తోడుపడిన నాటినుండి, బళ్ళారిలోను ఈ కడపలోను లండను మిషను వారు గ్రంథములు పంచిన కాలము వరకు, ఎందరి నాలుకలమీద నానియో ఈ మాట మనకు దక్కినది.

హెబ్రీ భాషలోని ‘షాలోము’ కూడ ఇట్టిదే. అది కేవలము కలహము లేకుండుట కాదు, కొరత లేకుండుట. దాని తోబుట్టువైన క్రియకు బాకీ చెల్లించుట యని యర్థము. అప్పు తీరనిచో షాలోము లేదన్నమాట. రాయలసీమ రైతునకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు.

ఇక మన పాత తెలుగు బైబిలులో నాకెంతయో కాలమునుండి ఆశ్చర్యము గొలుపుచున్న ఒక సంగతి. యోహాను సువార్త 14వ అధ్యాయములో, పట్టుబడు రాత్రి, ప్రభువు శిష్యులకు విడిచిపోవునది ‘శాంతి’. 20వ అధ్యాయములో, తిరిగి లేచి తలుపులు మూసిన గదిలో నిలిచి చేతులను ప్రక్కను చూపినపుడు ఆయన నోట వచ్చునది ‘సమాధానము’. గ్రీకు మూలమున రెండుచోట్లను ఒకే మాట. అనువాదకులు బుద్ధిపూర్వకముగా మార్చిరని నేను వాదింపను. పలువురు కూర్చుండి చేసిన పనిలో ఇట్టివి దొరలుచునే యుండును. కాని తెలుగు చదువరికి అబ్బిన భాగ్యమేమనగా, గాయములు లేనినాటి మాట ఒకటి, గాయములు చూపుచు పలికిన మాట మరియొకటి. గాయము మాసిపోలేదు. దానిని దాచలేదు. దానిని చూపుచునే పలికినదానికి మనవారు సమాధానమని పేరు పెట్టిరి. నా ఉపన్యాసమంతయు ఈ ఒక్క భేదముపై నిలిచియున్నది.

2

1876లో వానలు తప్పినవి. ధాత నామ సంవత్సరమున మొదలైన ఆ కరువు రెండేండ్లు దక్షిణాపథమును దహించినది. కర్నూలు జిల్లా వంటి నష్టము మదరాసు రాజధానిలో అరుదు: 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఆ జిల్లా జనములో దాదాపు నాలుగవ వంతు తరిగిపోయెను. సుంకేసులవద్ద తుంగభద్రనుండి కడప వరకు త్రవ్విన కాలువ అప్పటికే ఉన్నది. కాని కాలువ ప్రక్కనున్న పొలము వేరు, కాలువ లేని ఎఱ్ఱనేల వేరు. సర్కారు పనులలో చేరిన పురుషునకు రోజునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపులు నిర్ణయించెను. రాళ్ళు కొట్టువానికి పౌను గింజలు చాలునా యని నాడే వైద్యులు వాదించిరి.

ఈ కాలమునందే, నాడు నెల్లూరు జిల్లాలోనున్న ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. కంభము, మార్కాపురము తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. అచటి మాదిగ పల్లెలకును ఆ కాలువ గట్టునకును నడుమ దారి పడెను. సాయంకాలము పని చాలించినవారు ఉపదేశకుల మాటలు వినిరి. వినినవారిలో ఎందరో బాప్తిస్మ మడిగిరి. దొర ఇయ్యనన్నాడు. పదునైదు మాసములు ఎవరికిని ఇయ్యలేదు.

ఈ నిరాకరణమును మనము తొందరగా దాటిపోరాదు. తన జీవితమంతయు ఏ పంటకై విత్తనములు చల్లెనో ఆ పంట వాకిట నిలిచి కోయుమని మొరపెట్టుచుండగా, కోతకత్తిని క్రింద పెట్టుట ఎట్టి పని! గంజికొరకు మతము మారిరను నింద అప్పటికే ఉన్నది, ఇప్పటికిని ఉన్నది. ఆ నిందకు భయపడెనని కొందరందురు. నాకట్లు తోచదు. ఆకలియే ప్రశ్న వేయుచున్నపుడు మనుష్యుడు చెప్పు బదులు అతనిది కాదని, బదులు చెప్పువాని కడుపులో ఇంత కూడు పడిన పిమ్మటనే అది అతని సమాధానమగునని దొర యెరిగెను. 1878లో ఇక పంచుటకు ద్రవ్యము లేదని చెప్పినను జనము తిరిగి వచ్చిరి. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెలుంపల్లి రేవున, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్యను చూచి మురియు మిత్రులకు నా మనవి యేమన, ఆ సంఖ్యకు ముందున్న పదునైదు నెలల సున్నను కూడ లెక్కింపుడు.

ఐనను ఒక మాట కటువుగా చెప్పవలసియున్నది. కరువులో మొదట చచ్చినవాడు మాలమాదిగలలోనివాడే. ధాన్యపు పాతరలు మూసికొనినవాడు చావలేదు. అట్టిచోట ‘శాంతముగా నుండుడు, దేవుడు చూచుకొనును’ అని బీదవానికి బోధించుట మన సంఘములు పలుమారు చేసిన పాపము. అది శమము కావచ్చును, శవమునకును శమమున్నది. పాతర తెరిపింపని ఓదార్పును సమాధానమనుటకు నా తెలుగు ఒప్పుకొనదు.

3

వ్యాధిని గూర్చి కొద్దిగా. 1890ల దశకమున లండను మిషను వారు జమ్మలమడుగులో నెలకొల్పిన వైద్యశాల నేటికిని క్యాంబెలు ఆసుపత్రి యను పేర నున్నది. పెన్న దాటి బండ్లు కట్టుకొని వచ్చిన తాతల కథలు మీలో ననేకుల యిండ్లలో ఉండును. ఒకప్పుడు కడప జిల్లాలోనిదైన మదనపల్లెకు చేరువ, 1915లో, పలు మిషనులు కూడి క్షయరోగులకై ఆరోగ్యవరమును కట్టిరి. డేనిష్ వైద్యుడు ఫ్రిమోడ్ట్ మోల్లరు దానికి ప్రాణము. స్ట్రెప్టోమైసిను రాకపూర్వము అచటి ప్రధాన చికిత్స ఏమి? మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి కదలక పడుకొనుట. ఊపిరితిత్తి గాయము మానవలెనన్న దానిని కదలనీయరాదని నాటి వైద్యుల నమ్మకము. ఒకే పైకప్పు క్రింద బ్రాహ్మణుడును మాలవాడును వరుసగా పడుకొని, దగ్గును అణచుకొనుచు, ఒకరి నొకరు చూచుచు, కాలమును గడిపిరి. కదలకుండుట కూడ ఒక పనియేనని, దానికి నేర్పు వలయునని ఆ వరుసలలోని వారికి తెలిసినంత మన ప్రసంగీకులకు తెలియదు. పౌలు చెరసాలనుండి ఫిలిప్పీయులకు వ్రాయుచు సమాధానమును గూర్చి వాడిన గ్రీకు క్రియ, కోటకు కావలి కాయు సైనికులది. గండికోట వాకిట నిలిచినవానిని తలచుకొనుడు: అతడు కదలడు, నిద్రపోడు.

4

ఇక మన సీమకు పేరు తెచ్చిన, లేక పేరు చెరచిన, కక్షల సంగతి. 1800లో నైజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేయునాటికి ఇచట పాలెగాండ్రు పెక్కుమంది. కుంపిణీ కలెక్టరు మన్రో దొర వారి కోటల నడచెను గాని, ఊరి పెద్దరికము కొరకు మనుష్యులను కూడగట్టుకొని ఎదురు పెద్దను పడగొట్టు అలవాటును ఎవరును అడచలేదు. దాని చరిత్రను పండితులకు విడిచెదను. నాకు కావలసినది అచటి ఒక్క మాట: ‘రాజీ’.

ఫ్యాక్షను ఊళ్ళలో రాజీ యనగా నేమో మీకు తెలియును. ఉభయపక్షముల పెద్దలును, కేసులకు ఖర్చులు మోయలేకనో, ఎన్నికలు దగ్గరపడియో, ఒక వియ్యము కుదిరియో, నడిమివాని యింట కూర్చుండి, ‘మీవాండ్లు మావాండ్లపై పెట్టిన కేసు వదలుకొనుడు, మావాండ్లు మీవాండ్లపై పెట్టినది వదలుకొందురు’ అని ఒప్పందము చేసికొందురు. మరునాటినుండి సాక్షులు కోర్టులో అడ్డము తిరుగుదురు. చూచినవాడు చూడలేదనును. చచ్చినవాడెట్లు చచ్చెనో న్యాయాధిపతికి తేలదు. ఊరు నిమ్మళించును; బస్సు తిరుగును; పీర్లపండుగ జరుగును. దీనిని శాంతి యనవచ్చునా? ధాతువును బట్టి అనవచ్చును, ఏదో అణగినది గదా! కాని కొడవలి పట్టినవాడును కొడవలికి బలియైనవాడును పెద్దల సొత్తు కారు; ఎక్కువగా వారు కూలి జీవులు, మన సంఘములవారే. వారి చావులను వారి నడుగక మార్పిడి చేసికొనుటయే రాజీ.

టీచరమ్మ భర్త అదే బడిలో అయివారు, ఆదివారము ఉపదేశి. ఏ పక్షమునకును చెందినవాడు కాడు. పల్లెవారికి అర్జీలు వ్రాసిపెట్టుచుండెను. కూలి బాకీని గూర్చి ఆయన వ్రాసిన ఒక అర్జీ ఒక పెద్దకు కంటగింపైనది. సంక్రాంతి దాటిన ఒక సాయంకాలము, చేలగట్టున ఆయనను నరికిరి. ముగ్గురిని ఆమె కన్నులారా చూచినది. ఏడాదికి రాజీ కుదిరినది. పెద్దలు వచ్చి నాలుగెకరముల రేగడిని, బిడ్డల చదువును ఇచ్చెదమనిరి. వారితో వచ్చిన మన సంఘపు పెద్దయొకడు శత్రువులను క్షమింపుమన్న వాక్యమును గుర్తుచేసెను. (పల్లెలో వాక్యము ఎవని పక్షమున వచ్చునో చూచుట అవసరము.) ఆమె చెప్పిన మాట ఆమె కుమారుడు నాకు చెప్పినాడు: “చెమించినా. జడ్జి అడిగితే సూసింది సెప్తా. రెండూ నా పనే.”

కోర్టులో ఆమె యొక్కతెయే అడ్డము తిరగని సాక్షి. ఒంటి సాక్ష్యము నిలువలేదు, ముగ్గురును విడుదలైరి. ఆమె ఊరు విడువలేదు, ఎవరి గడ్డివామికిని నిప్పు పెట్టింపలేదు, కొడుకుల చేతికి కత్తి రానీయలేదు. ఆ ముగ్గురిలో ఒకని బిడ్డ బడికి వచ్చినపుడు వానికిని ‘అ ఆ’లు దిద్దించినది. న్యాయస్థానములో బదులు చెప్పుట, ఊరిలో పగ మానుట, ఈ రెంటిని మనము వేరువేరు గుణములుగా ఎంచుచున్నాము: ఒకటి ధైర్యమనియు ఒకటి సాత్త్వికమనియు. మన భాషలో ఆ రెంటికిని ఒకే మాట ఉన్నది. అడిగినదానికి సమాధానము చెప్పకయే సమాధానపడుడని కోరువాడు, మాటను మధ్యకు విరిచి తనకు పనికివచ్చు ముక్కను దాచుకొనుచున్నాడు.

5

కక్షలు రెడ్లవనియో కమ్మలవనియో చెప్పి క్రైస్తవులము తప్పించుకొనజాలము. మన యింటి కథ ఒకటి ఉన్నది, దానిని చెప్పక ముగించుట న్యాయము కాదు.

1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశము చీలి రక్తము పారుచున్న ఆ శరత్తులో, మదరాసు సెయింటు జార్జి దేవాలయమున ఆంగ్లికనులు, మెథడిస్టులు, మన కడప లండను మిషను వారు చేరియున్న దక్షిణ భారత ఐక్యసంఘము వారు కలిసి ఒకే సంఘమైరి. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ యత్నమునకు దోర్నకల్ బిషపు అజరయ్యగారు ప్రాణము పోసి, ఫలమును చూడకయే 1945 మొదటి దినమున కన్నుమూసిరి. లోకమంతయు మెచ్చిన ఆ ఐక్యము మన నంద్యాలలో మాత్రము చీలికయైనది. అచటి ఆంగ్లికనులలో పెక్కువేలమంది చేరమనిరి. కలకత్తా మెట్రోపాలిటను ఏలుబడిలో వేరుగా నిలిచిరి. విశ్వాసభేదమని కొందరనిరి, మిషను సొమ్మని కొందరనిరి, పదవులని కొందరనిరి. మూడును కొంతకొంత నిజమే. ఒకే యింట అన్నదమ్ములు ఇరుప్రక్కల చేరిరి. సమాధానమను మాటను గుడిలో దినదినమును పలుకువారము, సుమారు ముప్పదియేండ్లు, ఆ పని చేసికొనలేకపోయితిమి. 1970ల దశకములో వారు వచ్చి కలిసిరి; నేడు నంద్యాల మనలో ఒక అధ్యక్ష మండలము. కలిసినపుడు ఎవరును గెలువలేదు; బహుశః అందుచేతనే కలిసిరి.

1947లో ఇట్లు ఒకటైన సంఘము వారు 1950లో క్రొత్త ఆరాధనక్రమమును కూర్చిరి. ప్రభు సంస్కారమునకు ముందు అందులో ఒక చిన్న క్రియ కలదు, కేరళపు సురియాని క్రైస్తవుల పాత ఆచారమునుండి తెచ్చినది. గురువు తన సహాయకుల చేతుల నందుకొనును; వారు మెట్లు దిగి వరుసలలోనికి వచ్చి మొదట కూర్చున్నవారి కందింతురు; వారు ప్రక్కవారికి. ఇచ్చువాని కుడి అరచేయి పుచ్చుకొనువాని కుడి అరచేతికి తాకును, ఒక్కొక్కరి ఎడమచేయి ఎదుటివారి కుడిచేతిని పైనుండి కప్పును. దీనికి సమాధానము నిచ్చుట యని పేరు. మాట లేకయే గుడి అంతయు ప్రాకును. ఎవరైనను ఆపినచో అక్కడ ఆగును. అంటరానితనము ఊరి బావివద్ద కావలియున్న దినములలో మన చిన్న గుడులలో ఈ క్రియ ఎంత పెద్దదో నేడు పుట్టినవారికి చెప్పుట కష్టము.

టీచరమ్మ గుడిలో స్త్రీలు ఎడమ ప్రక్క చాపలమీద కూర్చుండెడివారు. కేసునుండి విడుదలైన ముగ్గురిలో ఒకని తల్లి కూడ ఆ గుడి మనిషియే. ఎవరు ఎక్కడ కూర్చుండవలెనో ఊరికి తెలియును గనుక ఆ యిద్దరి నడుమ ఎప్పుడును నలుగురైదుగురుండిరి. వచ్చిన చేతిని టీచరమ్మ ప్రక్కవారికి ఇచ్చును. ఆ ముసలామెకు వేరెవరో ఇత్తురు. పదకొండేండ్లు ఇట్లు జరిగినది. దీనిని నేను లోపముగా చెప్పుటలేదు. పాఠము చెప్పినది, పగ మానినది, సాక్ష్యమిచ్చినది, కాని ఆ చేయి మాత్రము ఆమెకు రాలేదు. రానిదానిని వచ్చినట్లు నటింపలేదు.

పండ్రెండవ యేట, చలికాలపు ఒక ఆదివారము, నడుమ కూర్చుండువారు ఏదో పెండ్లికి పోయిరి. చాప ఖాళీగా ఉన్నది. చేయి వచ్చినది. టీచరమ్మ కొంతసేపు దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండి, పిమ్మట లేచి నాలుగడుగులు నడచి, ఆ ముసలామె యెదుట కూర్చుండి, ఇచ్చినది. గుడిలో పాట ఆగినదట.

ఆమె చివరి యేడాది నేను చూడబోయినప్పుడు, వృద్ధాప్యపు చనువుతో, ఆనాడు మీ మనస్సులో నేమి కలిగినదమ్మా యని అడిగితిని. ఏదో గొప్ప మాట వినవలెనని కూర్చుంటిని. నావంటివారి కదియొక జబ్బు. ఆమె కాసేపు ఆలోచించి చెప్పినది:

“ఏం కలగల్యా నాయనా. ఆమె సెయ్యి అగ్గిమాదిరి కాల్తాండె. జరంతోనే గుడికొచ్చినాది. ఇంటికాడ ఎవురూ లేరు. మిరియాలూ తులసాకూ ఏసి కసాయం కాంచి, తాపిచ్చి ఒచ్చినా.”